ఏడు డబ్బాలు వచ్చాయి, ఖాళీగా ఎలా తిరిగి ఇవ్వాలి?

కొబ్బరాకు
16 జనవరి 2024, రాత్రి 9.40

అందరికీ నమస్కారం. మాది అంబాజీపేట దగ్గర ఊరు. ఉద్యోగం హైదరాబాదులో. పోయిన శ్రావణంలో నాన్నగారు పోయారు. ఏడాది తిరగలేదు కాబట్టి ఈ సంక్రాంతి మాకు లేదు. గొబ్బెమ్మలు లేవు, కొత్త బట్టలు లేవు, పొయ్యి మీద నూనె మూకుడు పెట్టకూడదు. అమ్మ ఒక్కతే ఉంటుందని రెండో శనివారం తెల్లవారేసరికి ఊరు చేరాను. శని, ఆది, సోమ, మంగళ. నాలుగు రోజులూ ఇద్దరం పప్పూ అన్నం తిని, టీవీ కట్టేసి, తొందరగా పడుకుందామనుకున్నాం.

భోగి నాడు ఇంకా చీకటిగా ఉండగానే ఎవరో గేటు కొట్టారు. భోగిమంట దగ్గర నుంచి వచ్చిన పిల్లవాడు, ఒంటినిండా పొగ వాసన. "మా మామ్మ ఇమ్మంది" అని డబ్బా గోడ మీద పెట్టి, నేను పేరు అడిగేలోపే పరుగెత్తాడు. మూత తీస్తే అరిసెలు. ఇంకా వేడి తగ్గలేదు. పది గంటలకు జంతికలు వచ్చాయి. సంక్రాంతి మధ్యాహ్నానికి డబ్బాలు ఐదయ్యాయి. ఈ రోజు కనుమ కదా, మినుము తినకుండా ఉంటామేమోనని ఒకరు గారెలు, ఒకరు సున్నుండలు పంపారు. మొత్తం ఏడు స్టీలు డబ్బాలు వంటింటి అరుగు మీద వరసగా కూర్చున్నాయి.

సాయంత్రం చిన్నప్పటి స్నేహితులు ముగ్గురు వచ్చారు. జగ్గన్నతోట తీర్థానికి ప్రభ (వెదురుతో ఎత్తుగా కట్టి అలంకరించిన దేవుడి చట్రం) మోసుకుని వెళ్ళి వచ్చారు, మోకాళ్ళ దాకా వరిచేల బురద. ఒకడి భుజం వాచి ఉంది. తీర్థంలో కొన్న జీళ్ళు, ఖర్జూరం పొట్లం నా చేతిలో పెట్టి అరుగు మీద కూర్చున్నారు. గంట సేపు ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. లేచి వెళ్ళారు. ఆ గంట నాకు ఎంత మేలు చేసిందో చెప్పలేను.

ఇప్పుడు నా సందేహం. ఎల్లుండి పొద్దున బయలుదేరాలి. ఎవరి డబ్బా అయినా ఖాళీగా తిరిగి ఇవ్వకూడదని చిన్నప్పటి నుంచి మా ఇంటి పద్ధతి. ఏమీ లేకపోతే చారెడు పంచదార అయినా వేసి పంపేది అమ్మ. ఈసారి ఇంట్లో వండింది ఏదీ పంపకూడదంటోంది. మరి ఏం వేసి ఇవ్వాలి? ఇంకొకటి కూడా. ఇంటింటికీ వెళ్ళి "ధన్యవాదాలు" అందామంటే నాకు నోరు తిరగడం లేదు. మీరైతే ఏమంటారు?

---

సుద్దముక్క
16 జనవరి, రాత్రి 9.58

నాయనా, నాన్నగారి సంగతి చదివి మనసు కష్టపడింది. మాది విజయనగరం వైపు. మా దగ్గర సంక్రాంతి అంటేనే పెద్దలకు పెట్టుకోవడం. పోయినవాళ్ళ పేరున కొత్త బట్టలు పెట్టి, వాళ్ళు ఇష్టపడినవి వండి వడ్డించి, దండం పెట్టుకున్నాకే మిగిలినవాళ్ళకు విస్తరి. వచ్చే సంవత్సరం నుంచి మీకూ అది ఉంటుంది.

ఇక ధన్యవాదాల గురించి. ముప్పై నాలుగేళ్ళు తెలుగు చెప్పినవాడిని, కాస్త సహించండి. కృతజ్ఞత అంటే చేసినదాన్ని ఎరిగి ఉండటం. కృతం అంటే చేసినది, జ్ఞ అంటే తెలిసినవాడు. ఆ మాటలో ఎరగడం ఉంది గానీ పైకి చెప్పడం ఎక్కడా లేదు. ధనుర్మాసం అంతా హరిదాసు మన గుమ్మంలోకి వస్తాడు. తల మీది పాత్రలో గుప్పెడు బియ్యం పోస్తాం. అతడు మనకు ధన్యవాదాలు చెప్పడు, "కృష్ణార్పణం" అంటాడు. ఇచ్చింది నువ్వూ కాదు, పుచ్చుకున్నది నేనూ కాదు అన్నట్టు. కనుమ నాడు ఎద్దును కడిగి, కొమ్ములకు రంగు పూసి, మెడకు గంటలు కట్టి, మంచి మేత పెడతాం. దాని చెవిలో ఎవరూ ధన్యవాదాలు అనరు. అది ఆశించదు కూడా.

మీరు మాట కోసం వెతకవద్దు. వెళ్ళి కూర్చోండి, మంచినీళ్ళు అడిగి తాగండి. అది చాలు.

---

వేపపుల్ల
16 జనవరి, రాత్రి 10.05

మాస్టారూ, ఎద్దుకు మాటలు రావు కాబట్టి మనం బతికిపోయాం.

కొబ్బరాకు గారూ, కిరాణా కొట్టులో ఏడు అరకిలో పటికబెల్లం పొట్లాలు కొని తలా ఒకటి పడేయండి. పది నిమిషాల పని. ఈ డబ్బాలు ఇచ్చిపుచ్చుకోవడం చేబదులు లాంటిదే. ఈ రోజు మీకు వచ్చింది, రేపు వాళ్ళింట్లో ఏదైనా జరిగితే మీరు పంపుతారు. ఇందులో అంత బరువైన విషయం ఏమీ కనిపించడం లేదు నాకు.

---

సకినాల చుట్టు
16 జనవరి, రాత్రి 10.21

చేబదులు అనుకుంటే చేబదులే అన్నా. కానీ చేబదులు ఇచ్చేవాళ్ళు కూడా అందరూ దొరకరు.

మాది కరీంనగర్. మాకు అరిసెలకన్నా సకినాలు ముఖ్యం. తెలియనివారికి చెబుతాను. తడి బియ్యప్పిండిలో నువ్వులు, వాము, ఉప్పు కలిపి, తెల్లటి గుడ్డ పరిచి, దాని మీద చేత్తో మెలితిప్పుతూ చుట్లు చుట్టాలి. బొటనవేలు, చూపుడువేలు, మణికట్టు కలిసి ఆడితేనే మెలిక పడుతుంది. ఒక్కరు కూర్చుంటే ఒక పూటలో అయ్యే పని కాదు. అందుకే మా వాడలో ఈ రోజు ఒకరింట్లో, రేపు ఇంకొకరింట్లో అందరం కలిసి చేస్తాం.

నిరుడు పండుగకు పది రోజుల ముందు మెట్ల మీద జారి నా కుడి మణికట్టు విరిగింది. పిండి కట్టు. మా ఆడబిడ్డ వాళ్ళకు సకినాలు పంపాలి, కూతురి అత్తవారికి పంపాలి. కొట్టులో కొందామని మా ఆయన సంచి పట్టుకుని బయలుదేరబోతుంటే మా వాడ ఆడవాళ్ళు ఐదుగురు గుడ్డలు చంకన పెట్టుకుని వచ్చేశారు. ఒకామె నాకు కుర్చీ వేసి, "నువ్వు పెత్తనం చెయ్యి" అంది. చేశాను. పిండి ఉప్పు చాలలేదని కూడా అన్నాను! మూడు కిలోల బియ్యం సకినాలు సాయంత్రానికి అయిపోయాయి. పోయేటప్పుడు నేను ఏదో అనబోతే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, మాట రాలేదు. వాళ్ళూ ఆగలేదు, ఇళ్ళల్లో వంటలున్నాయి కదా.

ఈ సంవత్సరం చేయి బాగుంది. ఆ ఐదుగురి ఇళ్ళకూ వెళ్ళాను. ఎవరూ పిలవలేదు. నిరుడు వాళ్ళనూ నేను పిలవలేదు.

డబ్బాలోకి అయితే కందులో పెసలో పోసి ఇవ్వండి తమ్మీ. వండనిది ఇస్తే మా దగ్గర ఏ పట్టింపూ లేదు.

---

పొయ్యిగట్టు
16 జనవరి, రాత్రి 10.47

కొబ్బరాకు గారూ, మీ బాధ అర్థమైంది. అయినా ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోవద్దు. ఏడు ఇళ్ళ నుంచి వచ్చాయని రాశారు. ఇళ్ళు అరిసెలు వండవు. వండినవాళ్ళు ఎవరు? ఆ ఏడుగురి పేర్లు మీకు తెలుసా?

అరిసె సంగతి చెబుతాను. బియ్యం పగలూ రాత్రీ నానాలి, మధ్యలో నీళ్ళు మార్చాలి. వార్చి, తడి ఆరకముందే పిండి పట్టించాలి. జల్లించిన పిండి ఆరిపోకుండా అదిమి గుడ్డ కప్పాలి. బెల్లం పాకం నీళ్ళలో వేస్తే ఉండ కట్టాలి. కాస్త ముదిరిందా, అరిసె రాయి. లేతగా ఉందా, నూనెలో విడిపోయి మూకుడంతా మడ్డి. ఒకరు పాకంలో పిండి పోస్తుంటే ఇంకొకరు ఆగకుండా కలపాలి. తరవాత ఒకరు వత్తాలి, ఒకరు వేయించాలి, ఒకరు చెక్కల మధ్య పెట్టి నూనె పిండాలి. ఇదంతా తన ఇంటి పనికి అదనంగా, భోగి ముందు రాత్రి నిద్ర మానుకుని ఎవరో చేశారు. అందుకే మీకు చీకటితో వేడి అరిసెలు వచ్చాయి.

ఇప్పుడు మా ఇంటి సంగతి. మాది గుంటూరు జిల్లా. ఈ పండుగకు మా అత్తవారింట్లో ఇరవై ముగ్గురం. మూడు రోజులు నేనూ, మా తోడికోడలూ వంటింట్లోంచి కదలలేదు. ముగ్గులు ఎవరివి బాగున్నాయో చూడటానికి వీధిలోకి కూడా వెళ్ళలేదు. ఈ రోజు సాయంత్రం వెళ్ళేవాళ్ళందరూ వరసగా మా మామగారి దగ్గరకు వెళ్ళి, "పండుగ బ్రహ్మాండంగా చేశారు బాబాయిగారూ" అన్నారు. ఆయన తృప్తిగా నవ్వారు. ఆయన చేసింది పడక కుర్చీలో కూర్చోవడం.

మనవాళ్ళ మధ్య మాటలెందుకు అని మాస్టారు అన్నారు. ఆ మాట ఎప్పుడూ దక్కనివాళ్ళు అనాలి గానీ, దక్కుతున్నవాళ్ళు అంటే ఎలాగండి? ఎద్దుతో పోల్చినందుకు మాత్రం సంతోషం. దానికి కనుమ అని ఒక రోజైనా ఉంది.

---

సుద్దముక్క
16 జనవరి, రాత్రి 11.02

అమ్మా, తలవంచాను. ఈ మూడు రోజులూ మా ఇంట్లో ఎవరు ఏం చేశారో లెక్క వేసుకుంటున్నాను. నా పక్కన ఏమీ కనిపించడం లేదు. హరిదాసుకు బియ్యం పోసింది కూడా మా ఆవిడే. నేను పాఠం చెప్పాను, అంతే.

---

స్టీరింగ్
17 జనవరి, తెల్లవారుజాము 4.15

డిపోలో బండి తీసే ముందు చదువుతున్నాను. హైదరాబాదు – ఖమ్మం ఎక్స్‌ప్రెస్ నాది. పంతొమ్మిది సంక్రాంతులు నడిపాను. ఇంట్లో చేసుకున్నవి మూడో నాలుగో. మా ఇంట్లో పండుగ ముక్కనుమ తరవాతే, నాకు సెలవు దొరికిన రోజు. నా భార్య, పిల్లలు క్యాలెండరు చూడటం మానేశారు.

ఈసారి రద్దీ మాటల్లో చెప్పలేం. ఆడవాళ్ళకు ఉచిత ప్రయాణం డిసెంబరు 9న మొదలైంది కదా, ఆ తరవాత వచ్చిన తొలి సంక్రాంతి ఇదే. సీటు కోసం కొట్లాటలు, సంచుల్లో కోళ్ళు, నా వెనక చంటిపిల్లల ఏడుపు. మా కండక్టరమ్మ శనివారం పొద్దున ఎక్కి రాత్రి దాకా ఒక ముద్ద తినలేదు. సూర్యాపేటలో బండి ఆపినప్పుడు ఒక ముసలమ్మ మూట విప్పి ఆమెకు రెండు అరిసెలు, నాకు రెండు ఇచ్చింది. "కొడుకు దగ్గరికి తీసుకెళ్తున్నా బిడ్డా, వాడికి తగ్గినా ఏమీ కాదు" అంది. మేం ఏమీ అనలేదు. కండక్టరమ్మ మాత్రం మధ్యలో ఒక కుర్రవాణ్ణి లేపి ఆ ముసలమ్మను కిటికీ పక్కన కూర్చోబెట్టింది.

పొయ్యిగట్టు అమ్మ చెప్పింది నిజం. దిగేటప్పుడు డ్రైవరు వైపు తిరిగి చూసేవాళ్ళు వందలో ఒకరు ఉంటారేమో. ఆ ఒక్కరు గుర్తుంటారు. బండి తీయాలి, ఉంటాను.

---

డాలస్ గోంగూర
17 జనవరి, ఉదయం 6.30

ఇక్కడ మాకు ఇంకా మంగళవారం సాయంత్రం. ఈ సంవత్సరం మాకు కలిసి వచ్చింది. జనవరి మూడో సోమవారం ఇక్కడ మార్టిన్ లూథర్ కింగ్ స్మారక సెలవు, సరిగ్గా సంక్రాంతి నాడే పడింది. లేకపోతే మా పండుగలన్నీ పంచాంగం చెప్పిన రోజున కాదు, దగ్గరలో ఉన్న శనివారం నాడు వస్తాయి.

మా పాప 2021లో పుట్టింది. కరోనా వల్ల మా అమ్మకు వీసా దొరకలేదు, అత్తగారు రాలేకపోయారు. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు మాకు పాపను ఎలా ఎత్తుకోవాలో కూడా తెలియదు. రెండు వాకిళ్ళ అవతల నెల్లూరు అక్క ఒకామె ఉంటుంది. అప్పటికి పరిచయం నవ్వుల వరకే. ఆ రాత్రి తలుపు కొట్టి, వెల్లుల్లి కారం, శొంఠి పొడి, బీరకాయ కూర, మెత్తటి అన్నం తెచ్చింది. నలభై రోజులు తెచ్చింది. పాపకు నూనె రాసి కాళ్ళ మీద పడుకోబెట్టుకుని స్నానం పోయించింది. ఆమెకూ ఉద్యోగం ఉంది, ఇద్దరు బడి పిల్లలు ఉన్నారు.

ఈ ఆదివారం మా ఇంట్లో భోగిపళ్ళు. బయట చలి సున్నాకు బాగా దిగువన. రేగుపళ్ళు దొరకలేదు, ఎండు క్రాన్‌బెర్రీలు, చామంతి రేకులు, నానబెట్టిన శనగలు, చిల్లర సెంట్లు కలిపాం. చెరుకు ముక్కలు మాత్రం దొరికాయి. మొదట దిష్టి తీసి పోయాల్సింది ఇంటి పెద్ద. ఎవరినీ అడగకుండానే అందరూ అక్క వైపు చూశారు. ఆమె నలభై రెండేళ్ళది, "నన్ను ముసలిదాన్ని చేశారు కదా" అని తిట్టుకుంటూనే పోసింది. పాప క్రాన్‌బెర్రీలు ఏరుకుని తింటూ కూర్చుంది.

ఒకసారి ఆమెకు "థాంక్స్ అక్కా" అన్నాను. "అంటే నన్ను పొరుగింటావిడ అనుకున్నావన్నమాట" అంది ముఖం ముడుచుకుని. నిజానికి ఆమె పొరుగింటావిడే! కాబట్టి కొబ్బరాకు గారూ, ఆ మాట అనే ముందు కాస్త చూసుకోండి. నేను వారం రోజులు బతిమాలుకోవాల్సి వచ్చింది.

---

వేపపుల్ల
17 జనవరి, ఉదయం 9.10

రాత్రి పొయ్యిగట్టు గారి మాటలు చదివి పడుకున్నాను. పొద్దున మా ఆవిడతో, "ఈ మూడు రోజులు చాలా కష్టపడ్డావు" అన్నాను. ఆమె గరిటె కింద పెట్టి, "ఎవరికి అప్పు ఇచ్చారు? ఎంత ఇచ్చారు?" అంది. ఎంత చెప్పినా నమ్మలేదు.

తరవాత నూనె మూకుడు నేనే తోమాను. అడుగున నల్లటి జిడ్డు ఎంత గట్టిగా ఉంటుందో ఇప్పుడే తెలిసింది. నేను చూడటం లేదనుకుని ఆమె దాన్ని మళ్ళీ తోముకుంది.

పటికబెల్లం మాట వెనక్కి తీసుకుంటున్నాను.

---

పొయ్యిగట్టు
17 జనవరి, ఉదయం 9.26

మళ్ళీ తోమిందంటే జిడ్డు పోలేదన్నమాట. వచ్చేవారం ఇంకోసారి ప్రయత్నించండి. బూడిద, చింతపండు వాడి చూడండి.

---

కొబ్బరాకు
17 జనవరి, మధ్యాహ్నం 1.35

అందరికీ ఒక్కసారే జవాబు రాస్తున్నాను.

పొయ్యిగట్టు గారూ, రాత్రి మీ ప్రశ్న చదివి నాకు సిగ్గేసింది. ఏడుగురిలో నాకు తెలిసినవి రెండు పేర్లే. మిగిలినవన్నీ ఫలానా వారి ఇల్లు, అంతే. పొద్దున డబ్బాలు ముందు పెట్టుకుని అమ్మను అడిగాను. అమ్మ పేర్లు చెప్పింది, అంతటితో ఆగలేదు. డాబా ఇంటి మామ్మగారికి మోకాళ్ళ నొప్పులు, కింద కూర్చోలేరు, బల్ల మీద పెట్టుకుని వత్తి ఉంటారు. రేషను కొట్టు అత్తయ్యకు మొన్న కంటి ఆపరేషను అయింది, పొయ్యి దగ్గరకు వెళ్ళవద్దన్నారు, అయినా వెళ్ళింది. సున్నుండలు చేసిన పిల్ల ఈ ఊరికి కోడలై వచ్చి నాలుగు నెలలే, నాన్నను ఒక్కసారి కూడా చూడలేదు. జంతికలు ఎవరివో మూత తీయకుండానే చెప్పేసింది, వాము ఎక్కువ వేసే చెయ్యి అట.

ఇవన్నీ అమ్మకు తెలుసు. నేను నాలుగు రోజులుగా తింటున్నాను.

డబ్బాల్లో ఏం వేయాలో కూడా అమ్మే తేల్చింది. పప్పులు వేద్దామన్నాను, రావులపాలెం వెళ్ళి అరటిపళ్ళ గెల తెస్తానన్నాను, ఆత్రేయపురం పూతరేకులకు నూనె అక్కరలేదు కదా అన్నాను. వింటూ వింటూ లేచి వెళ్ళి నాన్న చెక్క పెట్టె తెచ్చింది. ఆయన ఏటా పెరట్లో పాదుల నుంచి విత్తనం కట్టేవారు. పాత వార్తాపత్రిక ముక్కల్లో పొట్లాలు, పైన పెన్సిలుతో రాత. బీర. పొట్ల. గోరుచిక్కుడు. ఒక దాని మీద "డాబావారి సొర" అని ఉంది. ఎప్పుడో ఆ మామ్మగారింటి నుంచి వచ్చిన విత్తనమన్నమాట. "నాకింక పాదులు పెట్టే ఓపిక లేదు, దాచితే పుచ్చిపోతాయి, తలా కాసిని వెయ్యి" అంది అమ్మ. ఆ పెట్టె తెరవడం శ్రావణం తరవాత ఇదే మొదటిసారి. పొట్లాలు విప్పుతూ గింజలు చాలాసేపు అరచేతిలో పెట్టుకుని కూర్చుంది. నేను పక్కనే ఉన్నాను. ఏమీ అనలేదు.

ఏడో డబ్బా దగ్గర చిక్కు వచ్చింది. దాని కథ రాత్రి రాస్తాను, ముందు ఇచ్చి రావాలి.

---

సకినాల చుట్టు
17 జనవరి, మధ్యాహ్నం 2.04

డాబావారి సొర డాబావారికి పోవద్దు తమ్మీ. వాళ్ళ దగ్గర ఉండే ఉంటుంది. వేరే ఇంటికి ఇవ్వు.

---

కొబ్బరాకు
17 జనవరి, మధ్యాహ్నం 2.11

అమ్మ కూడా సరిగ్గా అదే అంది అక్కా. ఆ ఇంటికి పొట్ల.

---

కొబ్బరాకు
18 జనవరి, సాయంత్రం 5.50

రాత్రి రాయలేకపోయాను. ఇప్పుడు పంతంగి టోల్‌గేటు ముందు ఆగి ఉన్నాం. కారు మా బావమరిది నడుపుతున్నాడు. ఊళ్ళకు వెళ్ళిన హైదరాబాదు అంతా ఒకేసారి వెనక్కి వస్తోంది, కాబట్టి రాయడానికి కావలసినంత సమయం.

ఏడో డబ్బా అడుగున అక్షరాలు చెక్కి ఉన్నాయి. వాటిని బొగ్గు పొడితో రుద్ది చూస్తే మా నాయనమ్మ పేరు! కింద 1979. మా డబ్బా వేరే వాళ్ళింటి నుంచి అరిసెలతో మాకే వచ్చింది. దాన్ని పంపింది కాలవ గట్టు పిన్ని. మొన్న చెప్పిన వాచిన భుజం వాడు ఆవిడ కొడుకే.

అమ్మ కాసేపు ఆలోచించి 1996 అంది. ఆ నవంబరు 6 రాత్రి తుఫాను కోనసీమ మీదుగా వెళ్ళినప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. తెల్లవారి చూస్తే కొబ్బరి చెట్లు వరసలు వరసలుగా ఒకే వైపు పడి ఉన్నాయి. కాలవ గట్టు మీద పూరిళ్ళకు కప్పులు లేవు. మాది పెంకుటిల్లు, సగం పెంకులు పోయినా గోడలు నిలిచాయి. నాయనమ్మ ఆ డబ్బా నిండా అన్నం, పైన చింతపండు పచ్చడి పెట్టి గట్టు మీదకు పంపింది. ఆ తరవాత వాళ్ళు చుట్టాల ఊరు వెళ్ళిపోయారు, రెండేళ్ళకు తిరిగి వచ్చారు. డబ్బా సంగతి అందరూ మరిచిపోయారు.

అందరూ కాదు. నిన్న పిన్ని ఇంటికి వెళ్ళినప్పుడు అడిగాను, ఇన్నేళ్ళు ఎందుకు ఉంచేశావని. ఆవిడ చేపలు కడుగుతూ తల ఎత్తకుండానే చెప్పింది: "అప్పుడు అందులో వేసి ఇవ్వడానికి మా ఇంట్లో ఏమీ లేదు బాబూ. ఖాళీది ఎలా ఇస్తాను? తరవాత ఇద్దామంటే మీ నాయనమ్మ లేదు. మీ నాన్న ఉన్నన్నాళ్ళూ మీ ఇంటికి లోటు లేదు, మా అరిసెలు ఎవరికి కావాలి?"

నేను ధన్యవాదాలు అనలేదు. మాస్టారు చెప్పినట్టు మంచినీళ్ళు అడిగాను. పొయ్యిగట్టు గారు చెప్పినట్టు, అరిసెలు వత్తింది ఎవరని కూడా అడిగాను. ఆవిడ, పెద్ద కోడలు, ఇద్దరూ కలిసి. లోపలికి తొంగి చూసి, "చాలా బాగున్నాయి వదినా" అన్నాను. ఆమె నవ్వి, "పాకం కొంచెం ముదిరింది" అంది. నిజంగానే ముదిరింది.

డబ్బా మాదే కదా, ఉంచేసుకుందామన్నాను. అమ్మ ఒప్పుకోలేదు. బీర గింజలు వేసి మళ్ళీ వాళ్ళింటికే పంపింది.

---

సుద్దముక్క
18 జనవరి, సాయంత్రం 6.08

నాయనా, రెండుసార్లు చదివాను. మా ఆవిడకు కూడా చదివి వినిపించాను. ఆమె అడగమన్న ప్రశ్న ఒక్కటే. అన్ని డబ్బాల మూతలూ సరిగ్గా సరిపోయాయా?

---

కొబ్బరాకు
18 జనవరి, సాయంత్రం 6.15

అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి. ఇప్పుడే అమ్మ ఫోను చేసింది. రేషను కొట్టు అత్తయ్య మూత జంతికల డబ్బాకు వెళ్ళిందట, జంతికల వాళ్ళది ఎక్కడుందో తెలియడం లేదు. డాబా మామ్మగారు పొట్ల గింజలు తీసుకుని, అదే డబ్బాలో పెరుగు తోడుపెట్టి పంపారట. అది మళ్ళీ అరుగు మీదకు వచ్చి కూర్చుంది.

---

స్టీరింగ్
18 జనవరి, రాత్రి 8.40

ఈ రోజు ఖమ్మం నుంచి వస్తుంటే ఒకాయన మూత లేని డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. మీదేమోనని అడిగాను. కాదట. రేపు నాకు సెలవు, మా ఇంట్లో రేపే భోగి.